ఫ్రెంచి సీసాకు సదానందం పోసిన సాక

సదానందం నా చెల్లెలు ఉమారాణి భర్త. వరసకు నాకు మరిది. రియాద్‌లో అతన్ని ఎరిగినవాళ్ళంతా మంచివాడంటారు. మంచివాడే. నున్నగా తల దువ్వుకుంటాడు, ఎదురొచ్చిన ప్రతివాడికీ సలాం కొడతాడు, అరబ్బీ, ఉర్దూ, నాలుగు ఇంగ్లీషు ముక్కలు కలిపి తేనె పోసినట్టు మాట్లాడతాడు. ఆ తేనెలో నిజమెంత అని అడిగేవాళ్ళు లేరు. నేను అడుగుతాను. అందుకే నేనంటే అతనికి పడదు. నాకూ అతనంటే పడదు. లెక్క సరిపోయింది.

అతని అబద్ధాల్లో పెద్దది కన్నతండ్రి గురించి చెప్పేది. రియాద్‌లోని బతా బజారులో ఏ తెలుగు మెస్సులో కూర్చున్నా, మొదటి ముద్ద మింగకముందే "మా నాయినకు మెట్‌పల్లి బస్టాండ్ కాడ హోటల్ ఉండె" అని మొదలుపెడతాడు. హోటలూ లేదు, హోటల్ ముందు బెంచీ కూడా లేదు. అతని తండ్రి ఎల్లన్న తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. మా కులపు పనే అది. మా నాన్న ఎక్కాడు, నా భర్త ఎక్కాడు. నడుముకు ముత్తాదు పట్టీ కట్టి, మోకు తాడు బిగించి, పొద్దు పొడవకముందే ఎక్కి కల్లుకుండ, అదే లొట్టి, దించితే, ఊళ్ళో సగం మంది దొన్నెల్లా మడిచిన తాటాకు రేకలు పట్టుకుని చెట్టు కింద కూర్చునేవారు. ఇందులో దాచుకోవలసినంత సిగ్గు ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నన్నెవరు అడిగినా చెబుతాను. అడగకపోయినా చెబుతాను.

ఎల్లన్న ఒక చలికాలం పొద్దున మోకు తెగి చెట్టు మీంచి పడ్డాడు. సదానందం ఆ చెట్టు కిందే నిలబడి ఉన్నాడు, దిగే లొట్టిని అందుకోవడానికి. అప్పటికి మా ఉమారాణితో పెళ్ళై ఏడాది కూడా కాలేదు. తండ్రి ముత్తాదు కట్టుకుని ఒక ఎండాకాలం తనూ ఎక్కాడు. తర్వాత దాన్ని ఇంటి దూలానికి తగిలించి, ఏజెంటు వెంట సౌదీ వచ్చేశాడు. అందులో తప్పు లేదు. చావుకు భయపడటం తప్పు కాదు. చచ్చిన తండ్రికి హోటల్ కట్టించడం తప్పు.

మొదట అతన్ని హఫర్ అల్ బాతిన్‌లో వేశారు. అక్కడ మిలిటరీ వాళ్ళ పనులు చేసే కూలీల క్యాంపులో వంటపాత్రలు కడిగే పని. చుట్టూ ఇసుక, అన్నంలో ఇసుక, పరుపులో ఇసుక. మగవాళ్ళు మాత్రమే ఉండే రేకుల గదులు. భార్యను తెచ్చుకోవడమన్న మాటే అక్కడ లేదు. అతని వయసులో మంచి భాగమంతా ఆ ఇసుకలోనే పోయింది. మా చెల్లి వయసు మెట్‌పల్లి అవతల మా ఊళ్ళో, ఫోన్ పట్టుకుని పోయింది. ఆ తర్వాత రియాద్ చేరి కాఫీ దుకాణాల్లో పనిచేశాడు. మాట్లాడటం అక్కడే నేర్చాడు. అబద్ధం ముందే వచ్చు.

నేను రియాద్‌లో ఒక సౌదీ కుటుంబం ఇంట్లో వంటమనిషిని. ఇక్కడ ఇంట్లో పనిచేసే వాళ్ళం యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలుస్తాం. వాళ్ళ పిల్లలు నా చేతి ముద్దలు తిని పెరిగి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. అందువల్ల ఆ ఇంట్లో నా మాటకు కొంచెం బరువుంది. బాబా కొత్తగా ఒక పెద్ద హోటల్ తెరుస్తున్నాడని తెలిసి, మామా దగ్గర నోరు తెరిచి మా మరిదికి పని అడిగాను. నా పుట్టుకలో నేను ఎవరినీ ఏదీ అడగలేదు. చెల్లెలి కోసం అడిగాను.

ఆ హోటల్ గొప్పంతా ఒక సీసా. ఫ్రాన్సు నుంచి వచ్చే తెల్ల వైను, కానీ అందులో మత్తు ఉండదు. మత్తున్నదైతే ఈ దేశంలో మూత తీసినవాడు జైల్లో ఉంటాడు. ఆ సీసాకు ఏ వంటలు నప్పుతాయో చెప్పి, వచ్చినవాళ్ళకు పోసే మనిషి ఒకడు కావాలి. పేరు ఏదో ఇంగ్లీషులో ఉంది. నా దృష్టిలో పోసేవాడు పోసేవాడే. ఆ పనికి బాబా ఇద్దరిని అనుకున్నాడు. ఒకడు సదానందం. రెండోవాడు హైదరాబాద్ జునైద్, గడ్డాన్ని గీత గీసినట్టు కత్తిరించుకుని, కాలర్ చుట్టూ నల్ల రిబ్బన్ ముడి వేసుకునే పిల్లవాడు. నిలిచినవాడికి రియాద్‌లో గది, ఫ్యామిలీ వీసా. నిలవనివాడికి హఫర్. బాబా అన్నకు అక్కడ క్యాంపుల్లో భోజనాలు పెట్టే కాంట్రాక్టు ఉంది, మనుషులు ఎప్పుడూ తక్కువే.

అంటే సదానందం నిలిస్తే మా ఉమారాణి రియాద్ వస్తుంది. లేదంటే అతను మళ్ళీ ఇసుకలోకి, ఆమె మళ్ళీ ఫోన్లోకి. ఇదీ సంగతి.

వాళ్ళకు నేర్పడానికి ఒక ఫ్రెంచి మేడమ్ వచ్చింది. అగ్గిపుల్లలా ఉంటుంది, అరబ్బీ ముక్కుతో మాట్లాడుతుంది, నేను పెట్టిన కబ్సాలో మాంసం పక్కకు నెట్టి అన్నం మెతుకులు ఏరుకుని తింటుంది. అలాంటి మనిషి తిండి గురించి పాఠం చెబుతుందట. శుక్రవారం నమాజు తర్వాత ఇంట్లోనే విందు పెట్టి, ఇద్దరి చేతా పోయించి, బాబా తేలుస్తానన్నాడు. ఎవరి వంటలు వాళ్ళే ఎంచుకోవాలి. వండేది మాత్రం నేనే.

బుధవారం మధ్యాహ్నం సదానందం ఒక సీసాను రెండు చేతులా పసిబిడ్డలా పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"వదినె, ఇగో చూడు. అసలు ఫ్రాన్సుది."

"తొట్టెల గడుదామా దానికి? కింద పెట్టు."

"నవ్వకు. తెల్లద్రాక్షల్ల రెండు రకాలు కలుపుతరట. ఒకటి సోవిన్యాన్. అది పులుపుకు, వాసనకు. పచ్చగడ్డి కోస్తే వాసన రాదా, గట్ల. ఇంకోటి సెమియాన్. అది నోట్ల నిండుగ ఉంటదట, తేనె లెక్క. ఒకటి కయ్యానికి వస్తే ఇంకోటి సముదాయిస్తదట."

"అంటే నువ్వూ మా చెల్లె."

"నేనా కయ్యానికి వచ్చేది? నీకంటెనా?"

"మరి మత్తేదయ్యా?"

"మొదలు మంచి వైను జేసి, తర్వాత మెల్లగ మత్తొక్కటే గుంజేస్తరట."

"వెన్న తీసినంక మిగిలేది మజ్జిగ. మజ్జిగకు బిరడా కొట్టి, మెడకు బంగారు కాగితం జుట్టి తెచ్చినవు."

అతను బిరడా తీశాడు. పని మాత్రం వచ్చు, అబద్ధమాడను. చప్పుడు రాలేదు, చుక్క ఒలకలేదు. గ్లాసులో పోశాడు. పోసి, తాగడానికి ఎత్తి, నోటి దాకా తేకముందే గ్లాసు వంచి నేల మీద నాలుగు చుక్కలు వదిలాడు.

నేను గరిటెతో మణికట్టు మీద ఒక్కటి వేశాను.

"ఏం జేస్తున్నవు?"

"అబ్బ! అలవాటు వదినె."

మా వాళ్ళలో ఎవరూ కల్లు రేకను నేరుగా నోటికి పెట్టరు. ముందు నేలకు నాలుగు చుక్కలు. దాన్ని సాక పోయడమంటాం. మా కులదేవుడు కాటమయ్యకు, ఎల్లమ్మ తల్లికి, ఇంట్లో పోయినవాళ్ళకు. తాగేది ఏదైనా చెయ్యి దానంతట అదే వంగుతుంది. కానీ చెయ్యి ఎక్కడ ఉందో మనిషికి తెలియాలి కదా.

"అలవాటా? ఇది మీ తాటివనమా? బాబా అన్న ఎసొంటోడో తెల్వదా? ఈ సీసాల పని హరామో హలాలో అని ఆయనకు ఇంకా అనుమానమే. అది చూసుటానికే వస్తుండు శుక్రారం. ఆయన ముంగట నువ్వు నేలకు సాక పోస్తే, నిన్ను హఫర్ పంపుడు కాదు, విమానం ఎక్కిస్తరు."

"మరువ వదినె. ఒట్టు."

"అయినా మీ నాయినది హోటలాయె. హోటలోని కొడుకుకు సాకెందుకు?"

ఆ మాటకు అతని ముఖం నల్లబడింది. జేబురుమాలు తీసి, వంగి, చుక్కలు తుడిచాడు. నాకు జాలి కలగలేదు.

తర్వాత నేనూ ఒక గుక్క తాగాను. పులుపు ముందు పళ్ళకు తగిలింది. ఏదో నిమ్మతొక్క వాసన, ఏదో గడ్డి వాసన. ఆ వెనక కాస్త నిండుగా నాలుక మీద పరుచుకుంది. పరుచుకున్నది పరుచుకున్నట్టే పారిపోయింది. కల్లు అలా పారిపోదు. కల్లు వచ్చి కూర్చుంటుంది, నాలుగు మాటలు మాట్లాడి వెళుతుంది.

దీనికి ఏ వంట అన్న దగ్గర మళ్ళీ గొడవ. కల్లుకు ఏం తినాలో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కారం దట్టించిన బోటి, ఎండుచేపలు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసిన శనగ గుడాలు. సదానందం పట్టు పట్టాడు.

"పులుపు అదే, తెలుపు అదే. కల్లుకు నప్పింది దీనికి నప్పదా? కారం లేకుంటె గొంతుల దిగుతదా? హమ్మూరు చేపకు మన తీరు కారం పెట్టి వేంచు వదినె. ఆ జునైద్ గాడు అడ్రస్ లేకుంట పోవాలె."

నాకూ అదే సబబనిపించింది. ఫ్రెంచిది వద్దన్నవన్నీ నేను తినేవే. కారం వద్దట, చింతపండు వద్దట, ఎర్ర మాంసం వద్దట. వెన్నలో వేయించిన చేప, రొయ్యలు, మీగడ వేసిన కోడి, మేకపాల జున్ను ముద్ద, ఏవో పచ్చ కాడలు, ఇవి పెట్టాలట. పథ్యం తిండి. బాలింతకు కూడా ఇంతకంటే రుచిగా పెడతాం.

హమ్మూరు ముక్కలకు ఎర్రకారం, అల్లం వెల్లుల్లి పట్టించి కరకరలాడేలా వేయించాను. చేప అద్భుతంగా వచ్చింది. నా చేతిలో రాకపోవడమేమిటి? ముక్క తిని, ఒక గుక్క తాగాం. నోరు భగ్గుమంది. కల్లయితే ఆ మంటను మింగి తీపి చేసేది. ఇది మంటను చూసి జడుసుకుని చేదెక్కింది. నిమ్మతొక్క నమిలినట్టుంది. సరే, నిన్నటి చేపల పులుసు పెట్టి చూశాం. చింతపండు ముందు ఫ్రాన్సు సీసా కుళాయి నీళ్ళయిపోయింది.

సదానందం నా ముఖం చూశాడు. నేను అతని ముఖం చూడలేదు.

తిట్టుకుంటూ ఇంకో ముక్క తీసి వెన్నలో, ఉప్పు ఒక్కటే వేసి వేయించి, దించేముందు నిమ్మకాయ పిండాను. తిని తాగాం. పారిపోయే ఆ పులుపు ఈసారి పారిపోలేదు. వెన్నను పట్టుకుని నిలబడింది. చేప తియ్యగా అనిపించింది, దాని వెనక ఆ రెండో ద్రాక్ష నిండుదనం మెల్లగా వచ్చింది. ఫ్రెంచిదాని మాటే నిజమైంది. నాకు ఒళ్ళు మండింది.

"జరీష్ ఉందా వదినె?" అన్నాడు సదానందం. జరీష్ అంటే విరిచిన గోధుమను పుల్లటి మజ్జిగలో మెత్తగా ఉడికించే ఇక్కడి వంట. పక్కన ఒక గరిటెడు పెట్టాను. చేప, జరీష్, సీసా. మూడూ ఒక ఇంట్లో పుట్టినట్టే కుదిరాయి. "గిదే పెడదాం," అన్నాడు. "పెట్టు," అన్నాను. అంతకు మించి మెచ్చుకోలు నా నోట రాదు.

శుక్రవారం నమాజు నుంచి మగవాళ్ళు తిరిగి వచ్చారు. పెద్ద బల్ల దగ్గర బాబా, మామా, ఫ్రెంచి మేడమ్, బాబా అన్న. పెద్దాయన కూర్చోగానే సీసా అడిగి తీసుకుని, అద్దాలు నుదుటి మీదికి నెట్టి, దాని ముందూ వెనకా చదివాడు. చదివి, జునైద్ చేత చదివించాడు. మత్తు లేదని ఇద్దరు ముగ్గురు చెప్పాక కూడా గ్లాసు ముట్టలేదు, నీళ్ళు తెప్పించుకున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అక్కడినుంచి బల్లంతా కనబడుతుంది.

ముందు జునైద్ వంతు. రొయ్యలు, మీగడ వేసిన కోడి. ఏ ద్రాక్ష ఎక్కడ పండుతుంది, ఎంత చల్లగా పోయాలి, ఏ పులుపుకు ఏ మీగడ, అన్నీ ఆగకుండా చెప్పాడు. తప్పు చెప్పలేదు. రొయ్యలకు సీసా బాగానే నప్పింది. బాబా తలూపాడు. కానీ పిల్లవాడు పరీక్షలో పద్యం అప్పజెబుతున్నట్టు గోడకేసి చూస్తూ చెప్పాడు. తినేవాళ్ళ ముఖం చూడలేదు.

సదానందం వచ్చి ముందు సీసా తెరవలేదు. తాటిచెట్టు కింద కూర్చున్నవాణ్ణి గీసేవాడు "ఏం తెచ్చుకున్నవే?" అని అడిగి, దాన్నిబట్టి ఏ లొట్టిది పోయాలో చూసుకుంటాడు. అదే తీరు ఇక్కడ నడిపాడు. పొద్దున్నుంచి ఏం తిన్నారు మామా, ఆకలిగా ఉందా, పులుపు పడుతుందా అని ఒక్కొక్కరినీ అరబ్బీలో అడిగాడు. మామాకు పులుపు పడదంటే, "అయితే ముందు జరీష్ రెండు చెంచాలు తిని తాగండి, పులుపు మెత్తబడుతుంది," అన్నాడు. ఆమె తిని, తాగి, గ్లాసు మళ్ళీ ముందుకు జరిపింది. ఫ్రెంచి మేడమ్ చేపంతా తినేసింది. మెతుకులు ఏరుకునే మనిషి పళ్ళెం తుడిచింది. పెద్దాయన కూడా జరీష్ రెండోసారి వేయించుకున్నాడు, నీళ్ళతోనే అనుకోండి.

బాబా నాకు ఇవాళ తెలిసిన మనిషి కాదు. నిర్ణయం అయిపోతే పళ్ళెం ముందుకు తోసి వెనక్కి వాలతాడు. వాలాడు. నా మనసులో ఉమారాణి విమానం దిగింది.

"చాలా బాగుంది," అన్నాడు బాబా. "నువ్వు కూడా తాగు, సదానందం. మా ఎదుట తాగి, నీకెలా ఉందో చెప్పు."

మర్యాద చేశాడు ఆయన. కొంపలు మర్యాద దగ్గరే మునుగుతాయి.

సదానందం గ్లాసులో పోసుకున్నాడు. ఎత్తాడు. నేను జరీష్ గిన్నె పట్టుకుని నిలబడి ఆ మణికట్టునే చూస్తున్నాను. అది వంగడం మొదలైంది. అరవాలనుకున్నాను. ఏమని అరుస్తాను? చుక్కలు పాలరాతి మీద పడ్డాయి, టప్ టప్‌మని.

"ఇదేమిటి?" అన్నాడు పెద్దాయన.

సదానందం నేలకేసి చూస్తున్నాడు. ఆ పోసింది తన చెయ్యి కానట్టు చూస్తున్నాడు.

జునైద్ చటుక్కున అందుకున్నాడు. "బిరడా పొడి సార్. సీసా మెడలో ఉంటుంది. మొదటి చుక్క పారబోయడం ఫ్రాన్సులో పద్ధతి." ప్రేమతో చెప్పాడనుకోకండి. పెద్దాయనకు అనుమానం వస్తే సీసా మొత్తం పోతుంది, సీసాతో పాటు తన బతుకూ పోతుంది. పక్కకు తిరిగి పళ్ళ సందు నుంచి తెలుగులో అన్నాడు. "అన్నా, అవును అను. నీ కాళ్ళు మొక్కుత, అవును అను."

పెద్దాయన సదానందం వైపు తిరిగాడు. "అంతేనా?"

ఒక్క మాట. అవును అని ఒక్క మాట. మెట్‌పల్లిలో లేని హోటల్‌కు బల్లలు వేసి, కుర్చీలు వేసి, గల్లా పెట్టించినవాడికి అదొక లెక్కా? వడ్డించిన అబద్ధం. తింటే చాలు.

సదానందం గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"కాదు," అన్నాడు అరబ్బీలో. "అది మా నాన్నకు. మా నాన్న చెట్లెక్కి ఇలాంటిదే తీసేవాడు. మత్తుండేది. చెట్టు మీంచి పడి చచ్చిపోయాడు. మేం ఏది తాగినా ముందు ఆయనకు పోసి తాగుతాం."

పెద్దాయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "అస్తగ్‌ఫిరుల్లా" అని దేవుణ్ణి క్షమాపణ వేడుకుంటూ లేచి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఫ్రెంచి మేడమ్ ఏదో మంచిమాటే చెప్పబోయింది, ఎవరూ వినలేదు. బాబా సీసా బిరడాను వేళ్ళ మధ్య తిప్పుతూ అడిగాడు.

"మీ నాన్నకు హోటల్ ఉండేదని నాతో చెప్పావు కదా?"

"చెప్పాను బాబా."

"అబద్ధమా?"

"అబద్ధమే."

"ఆ మాట మీదే కదా నిన్ను హోటల్ పనికి తీసుకున్నాను," అన్నాడు బాబా. కోపంగా కాదు. అలసిపోయినట్టు అన్నాడు. నా వైపు కూడా ఒక్కసారి చూశాడు. ఆ చూపు నేను బతికినన్నాళ్ళు సదానందాన్ని క్షమించకపోవడానికి చాలు.

విమానం ఎక్కించలేదు. హఫర్ పంపారు. పని జునైద్‌కు వచ్చింది.

వంటింట్లోకి వచ్చాక అతని చొక్కా పట్టుకున్నాను.

"అవునంటె నీ నాలిక ఊడిపోవునా? బతుకంత అబద్ధమే అన్నం లెక్క తిన్నవు గదా. ఒక్క ముద్ద ఇంకోటి తినరాకపోయిందా?"

"నోటి దాక వచ్చింది వదినె."

"మరి?"

"అప్పుడే నాయినకు పోస్తి. ఆయన ముంగటనే ఆయనను కాదనుడు నాతోని కాలే."

"ఇన్నేండ్లు అన్నవు గదా!"

"అప్పుడు పిలువలే. ఇప్పుడు పోసి పిలిచిన."

చొక్కా వదిలేశాను. కోపం మాత్రం వదల్లేదు. "నా కండ్ల ముంగట నిలవడకు," అన్నాను.

చెల్లెలికి చెప్పే పని నా మీదే పడింది. పెట్టె సర్దుకుని కూర్చున్న మనిషికి ఏమని చెబుతాం? జరిగింది జరిగినట్టు చెప్పాను. ఉమారాణి ముందు అడిగింది మామగారు ఎల్లన్న గురించే.

"మామ పేరు చెప్పిండా అక్కా? అందరి ముంగట?"

"చెప్పిండు. చెప్పి నీ వీసా నీళ్ళపాలు చేసిండు."

"నాతోని ఎన్నడు మామ ముచ్చట తియ్యలే. చెట్టు కింద ఏం జూసిండో ఎన్నడు చెప్పలే," అంది. ఏడుస్తోంది. "మంచిగనే చేసిండు అక్కా."

మొగుడికి లేదు, పెళ్ళానికి ఉంటుందా బుద్ధి? ఆమెనూ నాలుగు తిట్టి ఫోన్ పెట్టేశాను.

హాల్లో ఆ చుక్కలు తుడవమని మామా నాకే చెప్పింది. ఆ సీసాలో చక్కెర ఉన్నట్టుంది, పాలరాతి మీద ఎండి జిగురు పట్టాయి. తడిబట్టతో గట్టిగా రుద్దాను. ఎల్లన్న నాకూ తెలిసినవాడే. పెళ్ళిలో నాకు చీర పెట్టిన మనిషి. అయినా తుడిచాను. అది నా పని.

సదానందం బతా నుంచి కంపెనీ బస్సు ఎక్కే రోజు డ్రైవర్ చేత ఒక డబ్బా పంపించాను. నిండా ఎర్రకారం పట్టించిన హమ్మూరు వేపుడు. అందగానే ఫోన్ చేశాడు.

"వదినె, చేప పంపినవా?"

"ఆ సీసాకు అది నప్పలే. ఆ ఇసుకకు నప్పుతది, తిను."

హఫర్‌లో ఇప్పుడు క్యాంపు మెస్సులో వడ్డన చేస్తున్నాడు. వరుసలో వచ్చే కూలీలకు అన్నం, పప్పు, లబన్ పోస్తాడు. లబన్ అంటే మన మజ్జిగే. అక్కడ కూడా "ఏం కూర పెట్టించుకున్నవే?" అని అడిగి, కారంగా ఉంటే ఒక గరిటె ఎక్కువ పోస్తాడట. శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తాడు. నేను ఎత్తుతాను, తిట్టడానికి.

మొన్న చేశాడు.

"వదినె, ఇక్కడ మన కోరుట్లాయన ఒకాయన కలిసిండు. భూమేష్ అని. మీ నాయిన ఏం జేస్తుండె అని అడిగిండు."

"హోటలన్నవా?"

"తాళ్ళెక్కుతుండె అన్న."

"ఇప్పుడు చెప్పుతె ఏం లాభమయ్యా? ఆడ నీకు వీసా ఇచ్చేటోడున్నడా?"

"లాభానికి కాదు. అడిగిండు, చెప్పిన. ఇద్దరం బయట కూసోని చెరొక గ్లాసు లబన్ తాగినం."

"ముందుగాల కింద పోసినవా?"

"పోసిన."

"తుడిచినవా మరి?"

"ఇసుకనే గద వదినె. అదే తాగింది."

ఫోన్ పెట్టేశాను. ఆ మనిషితో నాకు మాటలేమిటి?